అల్లుణ్ణి లోపలికి పిలిచిన రోజు

నుంబి సంచి సర్దుకుని ఇంట్లోంచి బయటపడేదాకా అతని అత్తగారు కపెంబ్వా పెరట్లో అరటిగుబురు చాటున ముసుగేసుకుని కూర్చుంది. నిజానికి మర్నాడు రావలసిన మనిషి. తన ఊరు లువింగులో ఎవరిదో ఎండుచేపల లారీ దొరికితే ఎక్కేసి ఒకరోజు ముందే దిగింది. తీరా వీధి మొగలో మూట దించుకునేసరికి అల్లుడింకా ఇంట్లోనే ఉన్నాడని తెలిసింది. ఇంకేం చేస్తుంది, పక్కింటి సందులోంచి చుట్టు తిరిగి వెనకవైపుకి చేరింది.

లోపలి మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"గడ్డం కత్తి పెట్టుకున్నావా?" అంది కూతురు సంపా.

"పెట్టుకున్నా."

"మంచం కింద చెప్పులో?"

"అవీ పెట్టా. చొక్కాలు పెట్టా. మేకుకి తగిలించిన టోపీ కూడా తీసేశా. ఇంక మిగిలింది నేనే. నన్నూ ఇందులో కుక్కి మూతి కట్టెయ్."

"మూడిళ్ళ అవతలికి వెళ్ళడానికి ఇంత హడావుడేమిటయ్యా?"

"హడావుడి నాది కాదే. అక్కడ అరటిచెట్ల వెనక మీ అమ్మని దోమలు పీక్కుతింటున్నాయి."

కపెంబ్వాకి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడు గట్టిగా దగ్గి, దగ్గుతూనే వాకిలి దాటి వీధిలోకి వెళ్ళి, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"సంపా, ప్రయాణం బాగా జరిగిందా అని మీ అమ్మని అడిగానని చెప్పు."

"అమ్మా, ప్రయాణం..."

"విన్నానే. బాగానే జరిగిందని చెప్పు. లారీవాడు దోవంతా చేపల బస్తాల మీద కూర్చోబెట్టాడనీ, ఈ వాసన నాది కాదనీ చెప్పు. కూరకి గొంగళిపురుగులు ఎండబెట్టి తెచ్చాననీ, అవి అతనికేననీ చెప్పు."

"విన్నాడమ్మా."

నవ్వుకి అతని భుజాలు కదిలాయి. ఏడేళ్ళుగా కపెంబ్వాకి అల్లుడంటే ఆ భుజాలూ, ఆ వీపూ, గోడ అవతలి గొంతూ. ముఖం ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు.

మా వైపు అత్తా అల్లుడూ ఎదురుపడరు. ఒకే కప్పు కింద కూర్చోరు, ఒకే కుండలోది తినరు. కొన్నేళ్ళు పోయి, పిల్లలు పుట్టి, ఇతను మనవాడే అన్న నమ్మకం కుదిరాక, అత్తగారి తరఫు ఆడవాళ్ళంతా రకరకాల వంటలు కుండలకెత్తుకుని పాడుకుంటూ వెళతారు. అత్తగారు తన చేత్తో అల్లుడికి ముద్ద తినిపిస్తుంది. అల్లుణ్ణి లోపలికి పిలవడం అంటారు దాన్ని. ఆ రోజునుంచీ అతను కొడుకుతో సమానం. సంపా పెళ్ళయి ఏడేళ్ళయినా ఆ పిలుపు మాత్రం జరగలేదు. ఒక ఏడు వానలు పడలేదు. మరో ఏడు కపెంబ్వా భర్త పోయాడు. ఆ తర్వాత ఆడపడుచుల్లో ఒకరికి కుదిరితే ఇంకొకరికి కుదరలేదు.

అరటిగుబురు చాటునుంచి లేచి ఇంట్లోకి వస్తూ ఆమె అడిగిన మొదటి మాట, "మళ్ళీ ఎప్పుడొస్తాడు?" అని.

"నువ్వు వెళ్ళాక వస్తాడు. ఎక్కడికి పోయాడని? కంగ్వా వాళ్ళింట్లోనేగా ఉన్నాడు," అంది సంపా, చంటివాణ్ణి ఆమె ఒళ్ళో పెడుతూ.

అడక్కుండా ఉండలేదు ఆ మనిషి. ఎవరు గడప దాటుతున్నా, అది ఉప్పు కొనడానికైనా సరే, ఎప్పుడొస్తావని అడిగేది. ఆమె బతుకులో లారీలూ రైళ్ళూ మనుషుల్ని తీసుకుపోయినవే గానీ తెచ్చిచ్చినవి తక్కువ. అన్న రాగి గనులకని వెళ్ళాడు. పెద్దకొడుకు దక్షిణానికి రైలెక్కాడు. ఒక్కొక్కరినీ నవ్వుతూనే సాగనంపింది, వెళ్ళాక వాళ్ళు కూర్చున్న పీట వైపు చూడలేకపోయేది.

ఇప్పుడు ఆమె బెంగంతా ఈ అల్లుడి గురించే. నుంబిది సరిహద్దు అవతలి మనోనో అనే ఊరు. తగరం గనులు మూతపడ్డాక పొట్ట చేతపట్టుకుని ఇవతలికి వచ్చి, గనుల పట్నంలో కబుంబా పేట బజారులో కుట్టు మిషను పెట్టుకున్నాడు. చేతిలో ఎప్పుడూ తాత్కాలికపు కాగితమే. దాని గడువు దాటిన రోజున ఎవరైనా పట్టుకుంటే పోలీసు లారీ ఎక్కించి సరిహద్దులో దింపేస్తారు. అలా దింపేసినవాళ్ళని ఆ బజారు చాలామందిని చూసింది. అయితే ఈ దేశపు ఆడపిల్లని పెళ్ళాడి ఆమెతో కాపురం చేస్తున్నవాడు ఇక్కడే ఉండిపోతానని అర్జీ పెట్టుకోవచ్చు. నుంబి పెట్టుకున్నాడు. ఇద్దరిదీ నిజంగా కాపురమేనా, కాగితం కోసం కట్టిన వేషమా అని చూడటానికి ఆఫీసు మనిషి ఎప్పుడో చెప్పకుండా వస్తాడు. ఆ అర్జీ ఒప్పుకుంటే నుంబి ఇక ఎవరికీ భయపడనక్కర్లేదు. ఒప్పుకోకపోతే వెళ్ళిపోవాలి.

"నేను లేనప్పుడు వస్తే కంగారుపడకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు," అంది సంపా.

"అబద్ధాలు చెప్పే వయసా ఇది నాకు?" అంది కపెంబ్వా.

అతను సంపా లేనప్పుడే వచ్చాడు. ఆ పొద్దున సంపా చంటివాణ్ణి తూకం వేయించడానికి ఆస్పత్రికి వెళ్ళింది. పెద్దపిల్ల చిలేషే బడికెళ్ళింది. కపెంబ్వా వాకిట్లో చేటలో వేరుశనగలు చెరుగుతోంది. నల్లబూట్లు, ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, కుర్రవాడే. పేరు ముబితా అని చెప్పాడు. వాళ్ళ పెద్దలది పడమటి వరద మైదానాల వైపట, తను మాత్రం రాజధానిలోనే పుట్టి పెరిగాడట. మా భాష మాట్లాడాడు గానీ బజారులో నేర్చుకున్న మాటలు, తడుముకుంటూ.

ఆమె పీట వేసింది. మొక్కజొన్న గంజి పులియబెట్టిన చల్లటి ముంకోయో గ్లాసుడు ఇచ్చింది. ఇంటికొచ్చిన మనిషి, పైగా అల్లుడి పని మీద వచ్చిన మనిషి.

"ఇది నుంబి బంజా ఇల్లేనా అమ్మా?"

"అవును నాయనా. నేను అతని అత్తగారిని."

"ఉన్నాడా ఇంట్లో?"

కపెంబ్వా నవ్వింది. "నేనుండగా ఇక్కడెందుకు ఉంటాడు? అంత మర్యాద లేనివాడు కాదు."

ఆ కుర్రవాడు ఫైలు తెరిచి కలం తీశాడు. "మరి ఎక్కడ ఉంటున్నాడు?"

"అదిగో, ఆ నీలం తలుపు. కంగ్వా వాళ్ళిల్లు. పడక అక్కడే, తిండి అక్కడే."

"మీ అమ్మాయి అక్కడికి వెళ్తుందా?"

"ఛ. పరాయివాళ్ళింటికి రాత్రిపూట ఎందుకు వెళ్తుంది? అన్నం గిన్నె పంపిస్తుంది, అంతే."

"ఇంట్లో ఆయన వస్తువులేమైనా చూడొచ్చా?"

ఇక్కడ ఆమెకి గర్వం ఆగలేదు. లేచి లోపలికి తీసుకెళ్ళి, అలమర తలుపులు తనే బార్లా తెరిచింది. "చూడు నాయనా, ఒక్కటి కూడా ఉంచలేదు. చొక్కా లేదు, చెప్పు లేదు. తన వస్తువేదీ నా కంటపడకూడదని గోడమీది టోపీ కూడా పట్టుకుపోయాడు. ఈ రోజుల్లో ఇంత పద్ధతి ఎవరు పాటిస్తున్నారు చెప్పు? పట్నం అల్లుళ్ళు అత్తగారి పక్కన కూర్చుని కోడి తొడ కొరుకుతున్నారు."

"మీరు ఆఖరిసారి ఆయన్ని ఎప్పుడు చూశారు?"

"చూడటమా? పెళ్ళయి ఏడేళ్ళయింది. ఇంతవరకూ అతని ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. దేవుడి మీద ఒట్టు."

ముబితా చాలాసేపు రాసుకున్నాడు. అతను రాస్తున్నకొద్దీ ఆమె ముఖం విచ్చుకుంది. వెళ్ళేటప్పుడు వద్దంటున్నా వినకుండా పొట్లం కట్టి గుప్పెడు గొంగళిపురుగులు అతని చేతిలో పెట్టింది.

సంపా రాగానే గుమ్మంలోనే చెప్పింది. "వచ్చాడే మీ ఆఫీసు మనిషి. నీ మొగుడి గురించి ఒక్క మాట తక్కువ కాకుండా చెప్పాను. ఎంత రాసుకున్నాడనుకున్నావు, రెండు పేజీలు."

"ఏం చెప్పావమ్మా?"

చెప్పింది. ఒక్కొక్క మాటే చెబుతుంటే సంపా చంటివాడితో సహా గుమ్మంలోనే కూలబడింది.

"అమ్మా, నువ్వు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. శత్రువు కూడా ఇంత బాగా చెప్పలేడు."

"నేనేం తప్పు చెప్పానే?"

"అతను ఈ ఇంట్లో ఉండడు, ఇక్కడ పడుకోడు, ఇక్కడ తినడు, అతని చొక్కా ఒక్కటి కూడా ఇంట్లో లేదు, అత్తగారే అతని ముఖం చూడలేదు. ఇది విన్నవాడు ఏమనుకుంటాడు? ఇదేం పెళ్ళి అనుకోడూ?"

"తెలియకపోతే కదా అనుకోవడానికి? అత్త వస్తే అల్లుడు ఉంటాడా ఇంట్లో?"

"ఆ ఆఫీసు కుర్రవాడి వైపు ఉంటారేమో. ఎవరికి తెలుసు? ఇక్కడివాళ్ళెవరైనా వస్తారనుకున్నాను నేనూ."

కపెంబ్వా అప్పటినుంచీ అన్నం సరిగా తినలేదు. వారం తిరక్కుండా కాగితం వచ్చింది. భార్యాభర్తలు ఒకే ఇంట కాపురం ఉంటున్నట్టు కనబడలేదు కనక అర్జీ ఒప్పుకోవడం లేదని రాశారు. అభ్యంతరముంటే వచ్చే గురువారం సాక్షులతో సహా వచ్చి చెప్పుకోవాలి. లేదా నెలాఖరుకి దేశం విడిచి వెళ్ళాలి.

ఆ సాయంత్రం నీలం తలుపింటి ఆవిడ, కంగ్వా తల్లి, పెరటి గోడ దగ్గరికి వచ్చింది. గోడ అవతల నుంబి ఉన్నాడు. అత్తగారితో నేరుగా మాట్లాడకూడదు గనక ఆవిణ్ణి మధ్యన నిలబెట్టాడు.

"పెద్దమ్మా, నీ అల్లుడు అంటున్నాడు, తప్పు నీది కాదట. నువ్వు తినడం లేదని సంపా చెప్పిందట. తినమంటున్నాడు."

"తింటానని చెప్పు."

"తింటుందటయ్యా." ఆవిడ ఇటు తిరిగింది. "అబద్ధమంటున్నాడు. నీ గొంతు వింటే తెలుస్తోందట."

"ఏడేళ్ళూ గోడ అవతల్నించి విని విని నా గొంతుని బాగా చదివేశాడు. సరే, గురువారం ఆఫీసుకి నేనూ వస్తానని చెప్పు."

గోడ అవతల గొంతు గాభరాగా లేచింది.

"ఎలా వస్తుంది, ఇద్దరం ఒకే గదిలో ఎలా నిలబడతాం అంటున్నాడు," అంది కంగ్వా తల్లి. తర్వాత తన మాటగా అంది, "అసలు నువ్వు ఊరెళ్ళిపో పెద్దమ్మా. అతను ఇంటికొచ్చేస్తాడు. వాళ్ళు మళ్ళీ వచ్చి చూసుకుంటారు."

"మళ్ళీ వస్తామని కాగితంలో లేదుగా. చెడగొట్టిన నోరు ఇదే. బాగుచేసేదీ ఇదే వెళ్ళాలి."

గురువారం పొద్దున ఆఫీసు వరండాలో ముప్ఫైమందిదాకా ఉన్నారు. బల్లల మీద చోటు లేదు. కపెంబ్వా మగవాళ్ళ మధ్యనే ఒక మూల ఇరుక్కుని కూర్చుంది. చేతిసంచిలో దారికని ఉడకబెట్టిన చిలగడదుంపలు, నీళ్ళ సీసా. నుంబి వరండా అవతలి చివర చెట్టు కింద, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు. మధ్యలో సంపా చంటివాడితో అటూ ఇటూ తిరుగుతోంది.

పేరు పిలిచారు. ముగ్గురూ రావాలన్నారు.

నుంబి ముందు వెళ్ళి గది మూలకి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కపెంబ్వా చితెంగే గుడ్డ తల మీంచి నడుందాకా కప్పేసుకుంది. తలుపు దాకా వచ్చాక వెనక్కి తిరిగి, వీపు ముందు పెట్టి, సంపా చెయ్యి పట్టుకుని నడిపిస్తే అడుగు వెనక అడుగు వేసుకుంటూ లోపలికి వచ్చింది. కుర్చీ మీద కూడా అటు తిరిగే కూర్చుంది.

బల్ల వెనక ముబితా ఉన్నాడు. అతని పక్కన అతని పైఅధికారి, శ్రీమతి మ్వీంబా, కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ, దక్షిణాది మనిషి. ఆవిడ గోడకి ముఖం పెట్టిన మగమనిషినీ, గుడ్డకప్పుకున్న ముసలమ్మనీ మార్చి మార్చి చూసింది.

"ఏమిటిది? మీ ఇద్దరికీ గొడవా?"

"గొడవెందుకమ్మా, అల్లుడికీ నాకూ?" గుడ్డ లోపలి నుంచి అంది కపెంబ్వా.

"మరి ఆ గుడ్డ తీసి నాతో మాట్లాడొచ్చుగా."

"అతను ఈ గదిలో ఉండగా తియ్యలేను."

ముబితా నెమ్మదిగా అన్నాడు, "ఈవిడేనండీ నేను రాసింది. అల్లుడి ముఖం ఎప్పుడూ చూడలేదన్నారు. నేను విన్నది విన్నట్టే రాశాను."

"రాశావు నాయనా, తప్పు రాయలేదు. నేనే సగం చెప్పాను. మిగతా సగం నీకు తెలుసనుకున్నాను," అంది కపెంబ్వా. తర్వాత గుడ్డ లోపలే తల ఎత్తింది. "అమ్మా, పెద్దదానివి, ఒక్క మాట అడుగుతాను. బయట వరండాలో అంతమంది మగవాళ్ళ మధ్య కూర్చున్నాను పొద్దున్నుంచీ. పక్కనున్నవాడి మోచెయ్యి నా డొక్కలో గుచ్చుకుంటూనే ఉంది. నేను ముసుగేసుకున్నానా?"

"నేను చూడలేదు."

"నేను చూశాను," అన్నాడు ముబితా. "వేసుకోలేదు."

"నీ ముందు వేసుకున్నానా నాయనా? పక్కన కూర్చుని ముంకోయో పోసి ఇచ్చాను. ఈ లోకంలో ఎంతమంది మగవాళ్ళున్నా నేను దాక్కునేది ఒక్కడికే. కూతుర్ని నిజంగా ఇచ్చుకోబట్టి దాక్కుంటున్నాను. ఉత్త కాగితం పెళ్ళికి ఇంత అవస్థ ఎవరు పడతారమ్మా? మీ ఆఫీసు తలుపులోంచి వెనక్కి నడిచి రావడం నాకేమైనా సరదానా? నడుం పట్టేసింది."

శ్రీమతి మ్వీంబా నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మా అమ్మమ్మ కూడా మా నాన్న వస్తే గాదె వెనక్కి పోయేదట," అంది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ అంది, "నేను నమ్ముతాను. కానీ నేను నమ్మితే చాలదమ్మా. పైవాళ్ళకి రాయాలి. వాళ్ళిద్దరూ ఒకే ఇంట ఉంటున్నారని ఈ ముబితా చూసి రాయాలి. మీరు ఎంతకాలం ఉంటారు ఇక్కడ?"

"మనవడికి నడక వచ్చేదాకా ఉండమంది కూతురు."

"మీరున్నంతకాలం అతను పొరుగింట్లోనేనా?"

"లోపలికి పిలిచేదాకా అంతే."

"పిలవడమంటే?"

కపెంబ్వా చెప్పింది. కుండలూ, పాటలూ, తన ఆడపడుచులూ, లువింగునుంచి రావలసినవాళ్ళూ, ఎన్నేళ్ళుగా వాయిదా పడుతూ వచ్చిందీ. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. గదిలో అందరూ ఆమె ఇంకా ఏదో చెబుతుందని చూస్తున్నారు. ఆమె చేతులు ఒళ్ళో సంచిని వెతుక్కున్నాయి.

"సంపా, నీళ్ళు పొయ్యి నా చేతుల మీద."

"ఇక్కడా? అమ్మా, అత్తయ్యలు లేకుండా? వాళ్ళు ఊరుకుంటారా?"

"మీ అత్తయ్యల చేత తర్వాత నేను తిట్లు తింటాను. నెలాఖరు దాకా వాళ్ళు రారు, నెలాఖరుకి ఇతను ఉండడు. పొయ్యి నీళ్ళు."

చెత్తబుట్ట దగ్గరికి లాగి సంపా సీసాలోని నీళ్ళు వంచింది. కపెంబ్వా చేతులు కడుక్కుంది. లేచి నిలబడింది. అన్ని కుండలూ మోయించుకుని, పదిమంది ఆడవాళ్ళ పాట మధ్య నడిచి వెళ్ళి చేయవలసిన పని అది. ఇక్కడ గోడ మీద క్యాలెండరూ, మూల ఫైళ్ళ గుట్టా ఉన్నాయి.

"అమ్మా, మీరిద్దరూ మా తరఫు పెద్దలనుకోండి," అంది ఆఫీసు వాళ్ళతో. తర్వాత గుడ్డ తీసి మెడ చుట్టూ వేసుకుంది. "నుంబీ, ఇటు తిరుగు."

ఆ పేరు ఆమె పైకి పలకడం అదే మొదలు. అతను తిరగలేదు.

"తిరుగయ్యా. అత్తగారు పిలుస్తుంటే గోడకి అతుక్కుపోయావేం?"

అతను తిరిగి, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయి, తల వంచి, పెద్దలకి మొక్కే పద్ధతిలో మెల్లగా చప్పట్లు కొట్టాడు. ఆమె దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుని ముఖం ఎత్తింది. ఆమె మనసులో ఇన్నాళ్ళూ ఉన్నది పొడుగాటి, కోల ముఖం. ఇది గుండ్రటి ముఖం. బుగ్గ మీద పాత మచ్చ. కణతల దగ్గర అప్పుడే నెరుపు. చిలేషే కోపమొచ్చినప్పుడు పెట్టే పెదవి వీడిదే అని అప్పుడు తెలిసింది ఆమెకి.

"ఇన్నాళ్ళూ నిన్ను పొడుగ్గా అనుకున్నాను," అంది.

"కూర్చున్నాను కదా అత్తయ్యా," అన్నాడతను.

చిలగడదుంప తొక్క తీసి, ముక్క తుంచి అతని నోటికి అందించింది. "కోడికూర లేదు. చేపలు లేవు. గుమ్మడాకూ వేరుశనగ పొడీ లేవు. అవన్నీ నీకు బాకీ. కానీ తలుపు ఇవాళే తీశాను. నేనున్నా లేకపోయినా నా కూతురిల్లు నీ ఇల్లు. నేను తినే కుండలోనే నువ్వూ తిను."

అతను తిన్నాడు. ఆ వెంటనే ఆమె మిగిలిన ముక్క తన నోట్లో వేసుకుంది.

శ్రీమతి మ్వీంబా ఫైలు పక్కకి జరిపింది. ముబితా వంక చూసింది. "ఏం చూశావో రాసుకో," అంది. అతను రాశాడు. ఈసారి కపెంబ్వా ఎంత రాశాడో చూడలేదు. ఆమె తొక్కలు ఏరి బుట్టలో వేస్తోంది.

వెళ్ళబోతుంటే శ్రీమతి మ్వీంబా ఫైలు మళ్ళీ తెరిచింది. "నుంబి, ఇంకొక్క లోటుంది. నువ్వు పుట్టిన ఊళ్ళో నీ మీద కేసులేమీ లేవని అక్కడి పోలీసులు ఇచ్చే కాగితం. అది లేకుండా నేను పైకి పంపలేను. సెప్టెంబరు లోపల తెస్తే చాలు. అప్పటిదాకా నీ తాత్కాలికం నేను పొడిగిస్తాను."

నుంబి సరేనన్నాడు. మనోనో వదిలి చాలా కాలమైంది.

ఆ తర్వాత వచ్చిన రోజులు కపెంబ్వాకి కొత్త. అల్లుడు చొక్కాలూ టోపీ తెచ్చుకుని ఇంట్లో దిగాడు. ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని సంకటి ముద్దలు చేసుకుని తిన్నారు. మొదటి రెండు రోజులూ ఇద్దరికీ ముద్ద దిగలేదు, సిగ్గుతో. మూడో రోజుకి అతని నోరు తెరుచుకుంది, ఇక మూతపడలేదు.

"ఇంత వాగుడుకాయవని తెలిస్తే ఇంకో ఏడేళ్ళు ఆగేదాన్ని," అంది కపెంబ్వా.

"ఏడేళ్ళ మాటలు పోగుపడ్డాయి అత్తయ్యా. ఎవరితో చెప్పుకోను, మీ అమ్మాయి వినదు."

"వినడానికి నాకు రెండు చెవులేగా ఉన్నాయి," అంది సంపా.

అతను టేపు తెచ్చి అత్తగారికి కొలతలు తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమెకి అతను కుట్టి పంపిన గౌన్లన్నీ వదులే. "మీ అమ్మాయి చెప్పిన కొలతలకి కుట్టాను. మిమ్మల్ని ఏనుగంత చేసి చెప్పింది," అన్నాడు. జులైలో లువింగునుంచి ఆడపడుచులు కుండలతో దిగారు. ఆఫీసులో చిలగడదుంపతో కానిచ్చేసినందుకు కపెంబ్వాని కడుపునిండా తిట్టారు. తిట్టి, కుండలెత్తుకుని, పేటంతా వినేలా పాడుకుంటూ మళ్ళీ మొదటినుంచీ సలక్షణంగా జరిపించారు. ముబితా కూడా వచ్చి తిన్నాడు. ఈసారి ఫైలు తేలేదు.

అంతా అయ్యాక ఒక మధ్యాహ్నం నుంబి వాకిట్లో ఆమె పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఒకటి అడగనా అత్తయ్యా? సంపా వెళ్ళొద్దంటోంది. అటు మళ్ళీ ఏదో రాజుకుంటోందని బజారులో అంటున్నారు. సైనికులు దారుల్లో లారీలు ఆపుతున్నారట. ఆ కాగితం కోసం నేను వెళ్ళనా, మాననా?"

ఆమె చేతిలో పని ఆపింది. ఇంతవరకూ ఆమెని ఇలా అడిగి వెళ్ళినవాళ్ళు లేరు. అన్న అడగలేదు, కొడుకు అడగలేదు. సంచి భుజానేసుకుని చెప్పి వెళ్ళారు. వద్దు అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. కానీ వద్దంటే ఏమవుతుంది? సెప్టెంబరు వస్తుంది. ఆ పై ఏడు మళ్ళీ ఇంకో సెప్టెంబరు. బజారులో లారీ చప్పుడైనప్పుడల్లా సంపా కత్తిపీట వదిలేసి వీధిలోకి పరిగెత్తడం ఈ రెండు నెలల్లోనే చూసింది. పిల్లవాడు ఆ చప్పుడు వింటూ పెరగాలా?

"వెళ్ళు నాయనా," అంది. "ఒక్కసారి వెళ్ళి తెచ్చేసుకో. ఇక ఎప్పటికీ వెళ్ళనక్కర్లేదు."

"మీరు వెళ్ళమంటే ధైర్యంగా ఉంటుంది."

"నాకేం ధైర్యం లేదు. నువ్వు తెచ్చుకో ధైర్యం, అక్కణ్ణించే."

అతను నవ్వాడు. సంపా లోపల గిన్నెలు గట్టిగా కడిగింది. ఆ రోజంతా తల్లితో మాట్లాడలేదు.

బయల్దేరిన పొద్దున అతను సరిహద్దు లారీ ఎక్కాడు. బల్ల మీద కూర్చుని ఇటు ముఖం పెట్టి చెయ్యి ఊపాడు. ఆ ఆదివారమే అవతల తూర్పున యుద్ధం మొదలైందని రేడియోలో చెప్పారు. సరిహద్దు అవతలి పట్నం లుబుంబాషి నుంచి నుంబి ఒక డ్రైవరు చేత చీటీ పంపాడు. కాగితం ఇచ్చేది మనోనోలోనేనట, ఉత్తరానికి వెళ్ళే లారీ ఒకటి దొరికిందట, చిలేషేకి బూట్లు కొన్నాడట. ఆ తర్వాత ఉత్తరం వైపు దారులన్నీ మూసేశారు.

సెప్టెంబరులో శ్రీమతి మ్వీంబా గడువు పొడిగించింది. డిసెంబరులో మళ్ళీ పొడిగించింది. ఆవిడ బదిలీ అయి వెళ్ళేటప్పుడు ఫైలు మూయవద్దని రాసి వెళ్ళిందని ముబితా వచ్చి చెప్పాడు. చంటివాడికి నడక వచ్చింది. కపెంబ్వా లువింగు వెళ్ళలేదు, కూతురి దగ్గరే ఉండిపోయింది.

నుంబి బంజా 1998 ఆగస్టు ఒకటో తారీకు, శనివారం పొద్దున, సరిహద్దు దాటాడు. తిరిగి రాలేదు.